రౌండ్లు కొట్టించినందుకు: 1988–89 పదో తరగతి బ్యాచ్‌కి మీ డ్రిల్లు మాస్టారి బహిరంగ లేఖ

ఒరేయ్ అబ్బాయిలూ, ఏమ్మా అమ్మాయిలూ,

ఏభై దాటినవాళ్ళని ఇలా పిలవొచ్చా అని కాసేపు తటపటాయించాను. మీలో నలుగురు తాతలయ్యారు. ఒకడు సర్పంచిగా కూడా చేశాడు. అయినా మొన్న కనుమ నాడు నేను ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టగానే కుర్చీలన్నీ కిర్రుమనిపించి ఒక్కసారిగా లేచారు. "గుడ్మార్నింగ్ సా...ర్" అని అదే పాత రాగం తీశారు. దాంతో నా హక్కు నాకు తిరిగొచ్చేసింది.

దీన్ని మన గ్రూపులోనే పెడదామనుకున్నాను. కానీ అక్కడ పొద్దున్న ఆరింటికి మొదలయ్యే గులాబీపువ్వుల కింద, కాకరకాయ రసం తాగితే షుగరు పారిపోతుందనే సందేశాల కింద ఇంత ఉత్తరం కూరుకుపోతుంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. మిగతా బ్యాచ్‌లవాళ్ళు చదివినా నాకేం అభ్యంతరం లేదు. వాళ్ళని గ్రౌండు చుట్టూ తిప్పిందీ నేనే కదా.

ఆ రోజు మీరు నాలుగైదు వందల ఫొటోలు తీసుకుని ఉంటారు. భోజనాల దగ్గర నా కంటపడినదాన్ని మాత్రం ఎవరూ తియ్యలేదు. విస్తళ్ళు వేశారు. వడ్డన ఇంకా మొదలవలేదు. జేబుల్లోంచి, హ్యాండ్‌బ్యాగుల్లోంచి చిన్నచిన్న డబ్బాలు బయటికొచ్చాయి. "ఒరే, నాది ఇంటికాడ మర్చిపోయాన్రా, నీ దాంట్లోంచి ఒకటియ్యి" అన్నాడొకడు. "నాది ఐదొందలు. నీదెంత?" అన్నాడు పక్కవాడు. ఒకప్పుడు సుద్దముక్కలూ చింతపిక్కలూ పంచుకున్న చేతులతోనే మాత్రలు పంచుకుంటున్నారు. (ఆ పని మాత్రం చెయ్యకండర్రా. ఒకడి మోతాదు ఇంకొకడికి పనికిరాదు.) ఆ తర్వాత వడ్డన. పోకుండలు, అరిసెలు, పాకం గారెలు, పులిహోర, చికెన్ బిర్యానీ, రొయ్యల వేపుడు, పలాస జీడిపప్పు వేసిన పనసకాయ కూర, చివరన ఐస్‌క్రీం. మాత్ర వేసుకున్నాం కదా అనే ధైర్యంతో తిన్నారు అందరూ. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు.

చేతులు కడుక్కున్నాక నేనొక ప్రశ్న అడిగాను, గుర్తుందా? బీపీకో షుగరుకో రోజూ మాత్ర వేసుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాను. వచ్చింది నలభై ముగ్గురు. లేచినవి ఇరవై ఏడు చేతులు. తొమ్మిదో తరగతిలో స్పోర్ట్స్‌కి పేర్లివ్వండర్రా అంటే నాలుగు చేతులు లేవని బ్యాచ్ ఇది. మీరంతా పకపకా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. స్టేజి పక్కన దండలేసిన ఫొటోలు రెండున్నాయి. ఒకడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. రెండోవాడు మన కబడ్డీ రైడరు, ఎదుటి కోర్టులోకి వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చిందే లేదు. వాడు నలభై ఆరేళ్ళకి గుండెపోటుతో పోయాడు.

మన ఒక్క బ్యాచ్‌కే దిష్టి తగల్లేదు. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళు బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, దాని గట్టు మీద నిలబడి ఉన్నవాళ్ళు ఇంకో 13.6 కోట్లు. పెద్దవాళ్ళలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు. మన స్కూలు జిల్లా పోటీల్లో ఎప్పుడూ ముందుండలేదు కానీ, ఈ పోటీలో మాత్రం మీరు దేశాన్ని దాటిపోయారు.

ఇక్కడి నుంచి నా తప్పు చెప్పాలి.

డ్రిల్లు పీరియడ్‌కి ఆలస్యంగా వస్తే రెండు రౌండ్లు. యూనిఫారం లేకపోతే ఐదు. లైన్లో మాట్లాడితే చేతులు పైకెత్తి పది. లెక్కల మాస్టారికి కోపమొచ్చినా మిమ్మల్ని నా దగ్గరికే పంపేవారు, "వీడిచేత ఓ పది కొట్టించండి సార్" అని. పరుగంటే ఏమిటి? తప్పు చేసినవాడు చేసేది. అయిదేళ్ళపాటు విజిలు పెట్టి మీ ఒంటికి నేను నేర్పిన పాఠం అదే. ఇప్పుడు డాక్టరు "రోజూ నడవండి" అంటే ఆ ఒళ్ళు ఎందుకు వింటుంది? నేనేం తప్పు చేశానని అంటుంది.

ఇంకోటి. టీముకి పనికొచ్చే పన్నెండు మందిని ఏరుకుని వాళ్ళతోనే ఆడించాను. మిగిలినవాళ్ళకి నీళ్ళ బిందెలు మొయ్యడం, సున్నం గీతలు గియ్యడం, చప్పట్లు కొట్టడం. బాగా ఆడేవాడికే ఆట, మనకెందుకులే అని మీలో ముప్పావు వంతు మంది పదమూడేళ్ళకే తేల్చేసుకున్నారు.

అమ్మాయిలకి చేసింది అంతకంటే పెద్ద తప్పు. ఆటల పీరియడ్‌లో మిమ్మల్ని చింతచెట్టు కింద కూర్చోబెట్టి క్వార్టర్లీ పేపర్ల మార్కులు కూడమనేవాణ్ణి. స్కూలుకి టెన్నికాయిట్ రింగు ఒక్కటుండేది. పోతుందేమోనని హెడ్మాస్టారి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. అది పోలేదు. అక్కడే ఎండి, పగిలి, ముక్కలైంది. మన శ్రీకాకుళం జిల్లా కోడి రామ్మూర్తి నాయుడుగారి జిల్లా అని, వీరఘట్టంలో పుట్టినవాడు ఇనపగొలుసులు తెంచాడు, గుండె మీద ఏనుగుని నడిపించుకున్నాడు అని మగపిల్లలకి కథలు కథలుగా చెప్పాను. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆముదాలవలస పక్కన ఊసవానిపేటలో మీకంటే ఏడాదో రెండేళ్ళో చిన్నపిల్ల బరువులెత్తడం మొదలుపెట్టింది. 2000లో సిడ్నీలో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది కరణం మల్లీశ్వరి. ఆ రోజు పేపరు చదువుతుంటే నాకు చింతచెట్టు కింద కూర్చున్న మీ తలలు కనిపించాయి. మీలో అలాంటి పిల్ల ఉండేదా లేదా అన్నది వేరే మాట. చూసే అవకాశమే నేనివ్వలేదు.

సరే, చేసినదాన్ని ఇప్పుడు దిద్దలేను. డెబ్భై రెండేళ్ళొచ్చాక నాకు తెలిసినదాన్ని మాత్రం చెప్పగలను. ఇది డ్రిల్లు మాస్టారిగా తెలిసినది కాదు. రిటైరయ్యాక రోగిగా తెలిసింది.

2011లో రిటైరయ్యాను. ముప్పయ్యేళ్ళు రోజుకి ఆరేడు గంటలు ఎండలో నిలబడ్డవాణ్ణి, తర్వాత పడక్కుర్చీలో పడ్డాను. తిండి మాత్రం తగ్గించలేదు. రెండేళ్ళలో షుగరొచ్చింది. డ్రిల్లు మాస్టారికి షుగరేమిటని ఊరంతా నవ్వుతుందని మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాలుగున్నరకి అలారం పెట్టి, కొత్త బూట్లు కొని, మొదటి రోజే ఐదు కిలోమీటర్లు నడిచాను. పదకొండు రోజులు సాగింది. పన్నెండో రోజు మోకాలు వాచింది. అలవాటు లేని ఔపాసన చెయ్యబోతే మూతి మీసాలన్నీ తెగ కాలాయట. నా సంగతీ అంతే. బూట్లు మా మేనల్లుడు పట్టుకుపోయాడు.

మళ్ళీ రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ మానేశాను. ప్రతిసారీ నా పట్టుదలనే తిట్టుకున్నాను. అసలు లోపం పట్టుదలలో లేదని నాకు అర్థమైంది, మీలో చాలామంది వేసుకునే అయ్యప్ప మాల గురించి ఆలోచించినప్పుడు.

చూడండి. నలభై ఒక్క రోజులు తెల్లవారకముందే లేస్తారు. చన్నీళ్ళు పోసుకుంటారు. చెప్పుల్లేకుండా నడుస్తారు. సిగరెట్టు లేదు, మందు లేదు, చాప మీద పడక. ఇంత కష్టం ఒలింపిక్స్‌కి వెళ్ళేవాడు కూడా పడడు. ఎవరూ కొరడా పట్టుకుని నిలబడరు, అయినా చేస్తారు. మాల తీసిన వారానికి అదే మనిషి అదే బడ్డీ దగ్గర అదే సిగరెట్టుతో కనిపిస్తాడు. నేను దీక్షని తప్పుపట్టడం లేదర్రా, స్వామి మీద నాకూ భక్తుంది. దీక్ష నడిచినన్నాళ్ళూ నల్లబట్ట గుర్తుచేస్తుంది, ఎదురొచ్చినవాడు "స్వామీ" అని గుర్తుచేస్తాడు, ఇంట్లో వంట మారుతుంది, సాయంత్రం భజన ఉంటుంది. రోజంతా చుట్టూ ఉన్నవన్నీ కలిసి మనిషిని నడిపిస్తాయి. మాల తియ్యగానే అవన్నీ ఒకేసారి పోతాయి. ఇంక మిగిలేది మనిషొక్కడే. పైగా దీక్షకి ఆఖరి తేదీ మొదటి రోజు నుంచే తెలుసు.

కాబట్టి "రేపట్నుంచి గట్టిగా మొదలెడతా"నన్నది వదిలేసి, రోజులో ఎలాగూ జరిగే పని ఏదుందా అని వెతికాను. దానికి తగిలిద్దామని. గోడకి మేకు ముందే ఉంటే చొక్కా తగిలించడం ఎంతసేపు!

నాకు దొరికిన మేకు పాల పాకెట్టు. మా ఇంటికి రోజూ పొద్దున్నే కుర్రాడు వేసి వెళ్ళేవాడు. వద్దన్నాను. రెండు వీధుల అవతల పాలబూత్ ఉంది, రానూపోనూ పన్నెండు నిమిషాలు. పాలు లేకపోతే మా ఆవిడకి కాఫీ లేదు. కాఫీ లేకపోతే ఆ రోజు ఆ ఇంట్లో ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంక నాకు పట్టుదలతో పనేముంది? వానొచ్చినా గొడుగేసుకుని వెళ్ళాను. నడకకి వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు, పాలకి వెళ్తున్నాను అంతే.

మూడు నెలల తర్వాత గానీ అది అలవాటైందని నాకు తెలియలేదు. ఒకరోజు మా అబ్బాయి కారులో వెళ్ళి పాలు తెచ్చేస్తే, ఏదో పోగొట్టుకున్నవాడిలా పెరట్లో తిరిగాను. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటవుతుందని అందరూ అంటుంటారు, అది ఒట్టి మాట. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్ళు 96 మందిని పెట్టి చూశారు. ఒక్కొక్కరూ చిన్న పని ఒకటి ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చెయ్యాలి, మధ్యాహ్న భోజనంతో పండు తినడమో, రాత్రి తిండికి ముందు కాసేపు పరిగెత్తడమో, అలాంటివి. ఆలోచించకుండా దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే. ఒకరికైతే 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా ఏమీ చెడలేదట. నా క్లాసులో ఒక్క రోజు తప్పితే రౌండ్లు కొట్టించేవాణ్ణి.

తప్పడం నాకూ జరిగింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడిమామిడీ ఎలా పడుకున్నాయో మీలో అక్కడ తోటలున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా వీధిలో కరెంటు స్తంభాలు రోడ్డుకడ్డంగా పడ్డాయి. పాలూ లేవు, బూతూ లేదు. అంతా సర్దుకున్నాక ఎదురింటి కుర్రాడు "నేనెలాగూ వెళ్తన్నాను, మీకూ తెస్తాను మాస్టారూ" అన్నాడు. హాయిగా ఒప్పుకున్నాను. నెల గడిచింది. ఓ రోజు మా ఆవిడ సంతకి వెళ్ళొచ్చి, "పాలబూత్ ఆయన అడుగుతున్నాడు, మాస్టారు ఊళ్ళో లేరా అని" అంది. ఇంకేమీ అనలేదు. మర్నాడు వెళ్ళాను.

నడక అనగానే మీరు ఫోన్లో అడుగుల లెక్క చూపిస్తారు. రోజుకి పదివేలు వెయ్యలేక మానేశామంటారు. ఆ పదివేలు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? టోక్యో ఒలింపిక్స్ జరిగిన మర్నాటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దానికి పెట్టిన పేరు మాన్‌పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. సరుకు అమ్ముడుపోవడానికి పెట్టిన పేరది. 2019లో హార్వర్డ్‌వాళ్ళు పదహారు వేల మందికి పైగా పెద్దవయసు ఆడవాళ్ళని, సగటున నా ఈడువాళ్ళని, గమనించారు. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అంతకుమించి లాభం కనపడలేదు. పదివేలు చెయ్యగలిగినవాడు చెయ్యనీ, మంచిదే. చెయ్యలేనని సోఫాలో కూర్చున్నవాడికి చెబుతున్నా.

మన బ్యాచ్‌లో ఆర్టీసీలో ఇద్దరున్నారు కదా, వాళ్ళకోసం ఒక పాత సంగతి. లండన్‌లో డబుల్ డెక్కర్ బస్సులమీద జెర్రీ మారిస్ అనే డాక్టరు చేసిన పరిశోధన 1953లో అచ్చయింది. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సు, ఒకే డ్యూటీ. డ్రైవరు కూర్చునే ఉంటాడు, కండక్టరు రోజుకి వందలకొద్దీ మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ, వచ్చినా తేలిగ్గా వచ్చింది. ఎవడూ వాళ్ళని వాకింగ్‌కి వెళ్ళమనలేదు. టిక్కెట్లు కొట్టారంతే. మన డ్రైవరు కుర్రాడు (కుర్రాడేమిటి, మనవరాలుంది) బస్సు ఆగిన ప్రతి స్టాండులోనూ దిగి బస్సు చుట్టూ ఒకసారి నడిస్తే చాలు. టైర్లు చూసుకున్నట్టూ ఉంటుంది.

రెండో మేకు రాత్రి భోజనం. తినగానే సీరియలు ముందు కూలబడేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి కడుక్కున్నాక పదినిమిషాలు వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. షుగరున్నవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీవాళ్ళు 2016లో చెప్పారు. రోజులో ఎప్పుడో ఒకప్పుడు అరగంట నడవడం కంటే, మూడుపూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిస్తే భోజనం తర్వాతి షుగరు సగటున 12 శాతం తక్కువుంది, రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. కారణం మన గ్రౌండు భాషలో చెబుతాను. ఒంట్లో చక్కెరకి పెద్ద గోదాము కండలు, అందులోనూ తొడకండలు. మనిషి కదిలినప్పుడు ఆ గోదాము తలుపులు తెరుచుకుని, ఇన్సులిన్ వచ్చి తట్టేదాకా ఆగకుండా సరుకు లోపలికి లాక్కుంటుంది. కూర్చుంటే సరుకంతా రోడ్డుమీదే, అంటే రక్తంలోనే, తిరుగుతుంటుంది.

అందుకే కండలు కరిగిపోకుండా చూసుకోవాలి. డంబెల్సు కొనొద్దు, కొన్నవాళ్ళ ఇళ్ళల్లో అవి తలుపుకి అడ్డంగా ఉంటాయి. అన్నం తినే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. మొదటి రోజు నాకు నాలుగయ్యాయి. ఇప్పుడు పదిహేను. బస్కీలని పేరు పెట్టలేదు కాబట్టి శిక్షలా అనిపించలేదు.

తిండి గురించి ఎక్కువ చెప్పను, అది నా సబ్జెక్టు కాదు. రెండే మాటలు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్ళిచ్చిన మార్గదర్శకాల్లో చక్కెర రోజుకి 20, 25 గ్రాములు దాటొద్దన్నారు. నేను రోజుకి నాలుగు టీలు, టీకి రెండేసి స్పూన్లు. స్పూనుకి అయిదు గ్రాములేసుకోండి, నలభై. షుగరొచ్చిందని ఒకేసారి మానేస్తే ఆ టీ కషాయంలా ఉండి రెండో రోజే ఓడిపోయాను. తర్వాత నెలకి పావు స్పూను చొప్పున తగ్గించుకుంటూ ఎనిమిది నెలల్లో సున్నాకి వచ్చాను. ఇప్పుడు మీరెవరైనా తియ్యటి టీ ఇస్తే తాగలేక పూలకుండీలో పోస్తాను. నాలుక ఎంత మొండిదో అంత తొందరగా మర్చిపోతుంది కూడా.

రెండోది ఉప్పు. రోజుకి అయిదు గ్రాముల లోపు, అంటే చెంచాడు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మనకి అన్నంలో ఆవకాయ, పప్పులో అప్పడం, చారుకి నంజుకు ఎండుచేప, పెరుగన్నంలో మళ్ళీ చిటికెడు ఉప్పు. వీటిలో ఏదీ మానమని నేననను. ఆవకాయ లేని ఇల్లు నాకూ ఇల్లులా ఉండదు. జాడీని మాత్రం బల్ల మీంచి వంటింటి పై అలమరకి ఎక్కించాం. కావాలంటే లేచి స్టూలు వేసుకుని తెచ్చుకోవాలి. వారానికి నాలుగు రోజులు బద్ధకమేస్తుంది. నా బద్ధకం జీవితంలో మొదటిసారి నాకు సాయపడింది.

చోడి అంబలి, అదే రాగి అంబలి, సంగతి అడిగారు ఒకరిద్దరు. మీ అమ్మలు తాగింది అంబలే, మంచిదే. కానీ అంబలి తాగి వాళ్ళు పొలానికి నడిచి వెళ్ళారు, మీరు తాగి ఏసీ గదిలో కూర్చుంటున్నారు. ఇంక ఆ చోడి బిస్కెట్ల పాకెట్టు వెనకాల రాసినది చదివితే పిండి కంటే ముందు చక్కెర పేరుంటుందేమో చూసుకోండి.

అమ్మాయిల దగ్గరికొస్తున్నాను. ఆ రోజు మీలో ఒకామె అన్న మాట నా చెవిలోంచి పోలేదు. "మాకు టైమేటి మాస్టారూ? పొద్దున్న క్యారేజీలు కట్టాల, రాత్రి గిన్నెలు తోమాల. రోడ్డుమీద నడిస్తే ఈవిడికి పనీపాటా లేదేటి అంటారు." ఇది నిజం. పొద్దున్న పార్కుల్లో చూడండి, మగవాళ్ళు బనియన్లేసుకుని గుంపులుగా రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో అదే సమయానికి ఇడ్లీలు ఉడుకుతుంటాయి. ఆ ఇడ్లీలు ఉడికించే ఆవిడ అందరూ తిన్నాక మిగిలినది, చల్లారినది, పారెయ్యడానికి మనసొప్పక తింటుంది. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులంటే కాల్షియం బిళ్ళ ఇస్తారు.

అందుకని అబ్బాయిలకి ఒక పని చెబుతున్నాను. ఇది సలహా కాదు, విజిలు. రాత్రి తిన్నాక గిన్నెలు మీరు తోమండి. పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాలూ ఆవిడ నడుస్తుంది. మా ఇంట్లో ఇది ఏడేళ్ళుగా నడుస్తోంది. మొదట్లో నేను తోమిన మూకుడు మా ఆవిడ మళ్ళీ తోమేది. ఇప్పుడు తోమడం మానేసింది, నా పనితనం పెరిగిందో ఆవిడ ఓపిక పెరిగిందో చెప్పలేను.

నిద్ర గురించి ఒక్కటే. మన గ్రూపులో రాత్రి పన్నెండున్నరకి మెసేజీలు పెట్టేవాళ్ళు తొమ్మిది మందున్నారు, పేర్లు రాయను. ఫోను చార్జింగ్ హాల్లో పెట్టి పడుకోండి. అలారం కోసమంటారా, గడియారం కొనుక్కోండి.

మందులు వేసుకుంటున్నవాళ్ళకి ఒక జాగ్రత్త చెప్పాలి. నడక బాగుంది కదా అని మాత్రలు మీ అంతట మీరే మానొద్దు, తగ్గించొద్దు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు తిండీ నడకా మార్చే ముందు డాక్టరుకి చెప్పండి. నడుస్తుంటే గుండెలో పట్టేసినట్టుంటే గ్యాసని సోడా తాగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మన రైడరు సోడా తాగాడు. చేతులెత్తని ఆ పదహారు మందీ అసలు బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా అని కూడా నా అనుమానం.

ఇక గ్రూపు నడిపేవాళ్ళకి. అయ్యప్ప స్వాముల విషయంలో నల్లబట్టా భజనా చేసే పని మన గ్రూపు చెయ్యగలదు. ఒకరోజు చేసి ఫొటో పెట్టడానికి కాదు, అలాంటివి పెడితే మిగతావాళ్ళకి సిగ్గేస్తుంది. ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇద్దరిద్దరు జతకట్టండి. విశాఖలో పదకొండు మందున్నారు, హైదరాబాద్‌లో తొమ్మిది, ఇక్కడ మనవాళ్ళు. దుబాయ్‌లో ఉన్నవాడొక్కడే, వాడు రోజూ రాత్రి తిన్నాక నాకు ఫోన్ చేసి నడుస్తూ మాట్లాడతానన్నాడు. మూడు నెలలుగా చేస్తున్నాడు. వాడి ఆయాసం తగ్గడం నాకు ఫోన్లోనే వినిపిస్తోంది. పరుగులో ఎప్పుడూ ఆఖర్న వచ్చేవాడు వాడే, నేను వాణ్ణి అందరిముందూ "ఎద్దుబండి" అన్నాను ఒకసారి. వాడికి గుర్తులేదట. నాకుంది.

వచ్చే సంక్రాంతికి మళ్ళీ కలుద్దామన్నారు. ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు ఇచ్చే ముందు నా మాట వినండి. పొద్దున్న ఏడింటికి మన స్కూలు గ్రౌండులో కలుద్దాం. హెడ్మాస్టారితో నేను మాట్లాడాను, సెలవులే కాబట్టి గేటు తీయిస్తానన్నారు. భోజనంలో పోకుండలు ఉండనివ్వండి, పండగ పండగే. కానీ బిర్యానీ, పులిహోర రెండూ ఎందుకు, ఒకటి చాలు. శాలువా వద్దు, ఇంట్లో ఇరవై రెండున్నాయి.

చింతచెట్టు ఇంకా ఉంది. తిత్లీకి ఒక కొమ్మే పోయింది. ఆ చెట్టు కింద ఈసారి అబ్బాయిలు కూర్చుని చప్పట్లు కొడతారు. మొదటి ఆట అమ్మాయిలది. టెన్నికాయిట్ రింగులు రెండు కొన్నాను, నెట్టు మాత్రం దొరకలేదు. విశాఖ నుంచి వచ్చేవాళ్ళెవరైనా పట్టుకురండి. విజిలు తెస్తాను కానీ ఊదను.

మీ
డ్రిల్లు మాస్టారు